గెలాక్సీ గుచ్ఛాలు – విశ్వవిస్తరణ చరిత్ర

ఉగాది పచ్చడి పంచుకొని, పంచాంగ శ్రవణం విని, పిల్లల పాటలు, నాటికలు ముగిసిన పిమ్మట మనమందరం ఇండ్లకు మరలే వేళకు డర్బన్ ఆకాశంలో తూర్పుదిక్కున చిత్తా నక్షత్రం పైకి వచ్చి ఉంటుంది. ఈ మాసంలో పున్నమి చంద్రుడు ఆ చిత్త చెంతనే ఉంటాడు. అందుచేతనే ఈ నెలకు చైత్రమని పేరు వచ్చినది. మన అవ్వలు, తాతలు చెరకు తోటల బారక్కుల ముందు కూర్చుండి పిల్లలకు చుక్కలు చూపినప్పుడు చెప్పిన పేర్లలో ఇదొకటి. భాష కొంత మరచిపోయిన ఇండ్లలో కూడా పెండ్లికి, నామకరణానికి నక్షత్రం పేరు అడగడం మాత్రం మనం మరువలేదు.

ఆ చిత్త కంటె ముందుగా ఉదయించేది ఉత్తర ఫల్గుణి. ఉత్తరకు దాపున, తూర్పుగా, వట్టి కంటికి ఏమీ కనిపించని ఒక చీకటి చోటు ఉన్నది. మంచి దూరదర్శినితో చూస్తే అక్కడ వెయ్యికి పైగా గెలాక్సీలు ఒకే కుటుంబంగా కూడి ఉన్నవి. గెలాక్సీ అంటే కోటానుకోట్ల నక్షత్రాలు కలిసి నివసించే ఒక మహానగరం వంటిది. మన సూర్యుడున్న పాలపుంత అటువంటి ఒక గెలాక్సీ. వందలు, వేలు గెలాక్సీలు ద్రాక్షగుత్తి వలె ఒకచోట చేరి, ఒకదాని ఆకర్షణకు ఒకటి లోబడి ఉంటే దానిని గెలాక్సీ గుచ్ఛం అంటారు. కన్యారాశిలోని ఈ గుచ్ఛం మనకు సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. అనగా ఈ రాత్రి మన కంటికి చేరే దాని వెలుగు 5.4 కోట్ల సంవత్సరాల క్రిందట బయలుదేరినదన్న మాట.

ఇటువంటి గుంపులను వెదకి, లెక్కించి, తూచి, ఈ విశ్వం ఎట్లా విస్తరిస్తున్నదో శాస్త్రజ్ఞులు తెలుసుకొన్న చరిత్రను ఈ సంచిక పాఠకులకు మనవి చేయదలచినాము. పండుగ సంచికలో ఆకాశశాస్త్రమేమిటని కొందరు అడుగవచ్చు. ఈ కథలో కొన్ని ముఖ్య ఘట్టాలు మనం పుట్టి పెరిగిన ఈ ఆఫ్రికా ఖండం మీదనే జరిగినవి. మన ఇండ్లలోని విద్యార్థులకు ఆ సంగతి తెలియాలి. ఇది మొదటి కారణం. రెండవ కారణాన్ని వ్యాసం చివర చెబుతాము.

తొలి జాబితాలు

చార్లెస్ మెస్సియే అనే ఫ్రెంచి ఖగోళజ్ఞునికి తోకచుక్కలను కనిపెట్టడమే పని. తోకచుక్క వలె మసకగా కనిపించి మోసం చేసే మచ్చలు ఆయనకు విసుగు తెప్పించినవి. వాటిని వేరుచేయడానికి ఒక జాబితా తయారుచేశారు. 1781 నాటి ఆ జాబితా వ్రాస్తూ, కన్యారాశి ప్రాంతంలో ఈ మసక మచ్చలు మరెక్కడా లేనంత దట్టంగా ఉన్నాయని ఆయన గమనించారు. ఒక గెలాక్సీ గుచ్ఛాన్ని గూర్చి మనిషి వ్రాసిన తొలి మాటలలో అది ఒకటి. అయితే తాను చూచినది ఏమిటో ఆయనకు తెలియదు.

ఆ పిమ్మట ఇంగ్లండులో విలియం హెర్షెల్, ఆయన చెల్లెలు కెరొలిన్ రాత్రులకు రాత్రులు ఆకాశాన్ని జల్లెడ పట్టి, వేలకొద్ది మసక మచ్చలను పట్టికలో చేర్చారు. ఉత్తరాకాశం ఆ విధంగా లెక్కకు వచ్చినది గాని ఇంగ్లండు నుంచి కనిపించని దక్షిణాకాశం మిగిలిపోయినది. ఆ పని విలియం కుమారుడు జాన్ హెర్షెల్ తలకెత్తుకొన్నారు. 1833 నవంబరులో భార్యాబిడ్డలతో, పెద్ద దూరదర్శినితో సహా ఓడ ఎక్కి, 1834 జనవరిలో కేప్‌టౌను చేరి, ఫెల్డ్‌హౌసెన్ అనే తోటలో నాలుగేండ్లు ఆకాశాన్ని పరిశీలించారు. 1847లో ఆయన ప్రచురించిన గ్రంథంలో కేప్ ఆకాశం నుంచి చూచిన 1707 నీహారికలు, గుచ్ఛాలు ఉన్నవి. ఆ దూరదర్శిని నిలిచిన చోట ఒక రాతి స్తంభం నేటికీ ఉన్నది. కేప్‌టౌను వెళ్ళే మన కుటుంబాలు టేబుల్ పర్వతంతో పాటు దానిని కూడా చూచి రావడం మంచిది.

పరుగెత్తే గెలాక్సీలు

ఈ మసక మచ్చలు మన పాలపుంతలోనివా, దాని వెలుపలివా? ఈ వివాదం చాలా కాలం సాగినది. 1912లో హార్వర్డు వేధశాలలో పనిచేసే హెన్రియెటా లెవిట్ అనే వనిత ఒక సూత్రం ప్రకటించారు. వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే ఒక జాతి నక్షత్రాలకు ఆ హెచ్చుతగ్గుల కాలాన్ని బట్టి అసలు కాంతి ఎంతో చెప్పవచ్చునని తేల్చారు. అసలు కాంతి తెలిస్తే, కనిపించే కాంతితో పోల్చి దూరం కట్టవచ్చు గదా! ఎడ్విన్ హబుల్ 1923లో ఆండ్రోమెడా నీహారికలో అటువంటి నక్షత్రాన్ని పట్టుకొని, అది పాలపుంతకు ఎంతో దూరాన ఉన్న వేరొక గెలాక్సీ అని నిరూపించారు.

ఈలోగా వెస్టో స్లైఫర్ అనే ఆయన చాలా నీహారికల వెలుగు ఎరుపు వైపుకు జరిగి ఉండడం గమనించారు. దూరంగా పోతున్న వస్తువు వెలుగు అట్లా జరుగుతుంది. 1927లో బెల్జియం దేశపు మతాచార్యుడు, గణితజ్ఞుడు అయిన జార్జి లెమైత్ర్, 1929లో హబుల్ ఈ సంగతులను కలిపి, ఎంత దూరాన ఉన్న గెలాక్సీ అంత వేగంగా దూరమవుతున్నదని చూపారు. గెలాక్సీలు శూన్యంలో ఎగిరిపోవడం కాదు. వాటి నడుమ ఉన్న ఆకాశమే సాగుతున్నది.

ఐన్‌స్టీన్ 1917లో తన సమీకరణాలకు ఒక అదనపు రాశిని చేర్చి ఉన్నారు. విశ్వం నిశ్చలమని ఆనాడు అందరి నమ్మకం. ఆకర్షణ వలన విశ్వం ముద్దగా కూలిపోకుండా ఎదురు నెట్టడానికి ఆ రాశి అవసరమయినది. విశ్వం విస్తరిస్తున్నదని తేలగానే 1931లో ఆయన దానిని వదిలివేశారు. ఆ రాశిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మరల దానితో మనకు పని పడుతుంది.

తూకానికి రాని లెక్క

1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు కోమా గుచ్ఛాన్ని పరిశీలించారు. ఇది మనకు సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. వెయ్యికి పైగా గెలాక్సీలు దీనిలో ఉన్నవి. ఆ గెలాక్సీల వేగాలు ఒకదానికొకటి సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా తేడాగా ఉండడం ఆయనను ఆశ్చర్యపరచినది.

వడిసెల త్రిప్పేవానిని తలచుకోండి. రాయి ఎంత వేగంగా తిరిగితే త్రాడు అంత గట్టిగా ఉండాలి. బలం చాలకపోతే త్రాడు తెగి రాయి ఎగిరిపోతుంది. కోమా గుచ్ఛంలో గెలాక్సీలను పట్టి ఉంచే త్రాడు ఆకర్షణ శక్తి. కనిపించే నక్షత్రాల బరువునంతా కూడినా ఆ త్రాడు ఏ మూలకూ చాలదు. అంత వేగానికి ఆ గుంపు ఎప్పుడో చెదరిపోయి ఉండవలసినది. చెదరలేదు గనుక, కంటికి కనిపించని పదార్థం ఏదో దానిని పట్టి ఉంచుతున్నదని జ్విక్కీ వ్రాశారు. కనిపించే దానికి దాదాపు 400 రెట్లు కావాలని ఆనాటి లెక్క. అప్పటి దూరాల అంచనాలు సరికానందున ఆ అంకె తరువాత చాలా తగ్గినది. కాని లోటు మాత్రం పూడలేదు. దానినే నేడు కృష్ణపదార్థం అంటున్నారు.

జ్విక్కీ మాటను దాదాపు నలభై ఏండ్లు ఎవరూ పెద్దగా లక్ష్యపెట్టలేదు. లెక్క తేలనప్పుడు లెక్క చూచినవానిదే తప్పు అనుకోవడం లోకంలో ఉన్నదే. 1970 దశకంలో వీరా రూబిన్, ఆమె సహచరులు ఒక్కొక్క గెలాక్సీలో కూడా ఇదే లోటు ఉన్నదని చూపిన తరువాతనే విద్వాంసులు జ్విక్కీ వైపు మరల చూచారు.

ఈ నడుమ జార్జి ఏబెల్ అనే అమెరికా ఖగోళజ్ఞుడు పాలోమార్ కొండమీద తీసిన ఆకాశపు ఫొటో పలకలను కంటితో ఒక్కొక్కటిగా పరిశీలించి, 1958లో 2712 గుచ్ఛాల జాబితా ప్రచురించారు. నేటి వలె గణనయంత్రాలు పని చేసిపెట్టే కాలం కాదది. దక్షిణాకాశాన్ని కూడా కలిపి, ఆయన మరణానంతరం 1989లో ఆయన సహచరులు ఆ సంఖ్యను 4073కు పెంచారు. నేటికీ చాలా గుచ్ఛాలను ఏబెల్ సంఖ్యతోనే పిలుస్తున్నారు.

కెన్యా తీరం నుంచి ‘స్వాతంత్ర్యం’

1970 డిసెంబరు 12. కెన్యా దేశం స్వతంత్రమై సరిగా ఏడేండ్లు. ఆనాడు కెన్యా సముద్రతీరంలో నీటిలో నిలిపిన సాన్‌మార్కో వేదిక నుంచి ఒక చిన్న ఉపగ్రహం పైకి లేచినది. ఆ శుభదినానికి గుర్తుగా దానికి ‘ఉహురు’ అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వాతంత్ర్యం. రికార్డో జకోని నాయకత్వంలో తయారైన ఆ ఉపగ్రహం ఎక్స్‌కిరణాలతో ఆకాశమంతటినీ పరిశీలించిన మొదటి ఉపగ్రహం. భూమి వాతావరణం ఎక్స్‌కిరణాలను క్రిందికి రానివ్వదు. అందుకే పైకి పోవలసి వచ్చినది.

గెలాక్సీ గుచ్ఛాలు ఎక్స్‌కిరణాలలో మెరుస్తున్నాయని, ఆ మెరుపు గెలాక్సీల నుంచి కాక వాటి నడుమ ఖాళీ అనుకొన్న చోటు నుంచి వస్తున్నదని ఉహురు చూపినది. ఆ చోటంతా కోటి మొదలు పది కోట్ల డిగ్రీల వేడిగల పలుచని వాయువుతో నిండి ఉన్నది. దాని బరువు గెలాక్సీలలోని నక్షత్రాలన్నిటి బరువు కంటె కొన్ని రెట్లు ఎక్కువ. నేటి లెక్కల ప్రకారం ఒక పెద్ద గుచ్ఛాన్ని నూరు పాళ్లుగా విభజిస్తే నక్షత్రాలు రెండు మూడు పాళ్లు, వేడి వాయువు సుమారు పన్నెండు పాళ్లు, మిగిలిన ఎనభై అయిదు పాళ్లు కృష్ణపదార్థం. ఆకాశంలో మనం చూచి మురిసే వెలుగు పెరుగులో ఉప్పురాయి పాటిదే.

గుంపులు ఎప్పుడు కూడినవి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. విశ్వంలో రెండు బలాల పెనుగులాట నడుస్తున్నది. ఆకర్షణ పదార్థాన్ని దగ్గరకు చేర్చి గుంపులు కట్టిస్తుంది. విస్తరణ వాటిని దూరం చేస్తుంది. ఏ కాలంలో ఎన్ని గుచ్ఛాలు ఏర్పడినవో లెక్క తీస్తే ఏ కాలంలో ఏ బలం ది పైచేయిగా ఉన్నదో తెలుస్తుంది. దూరాన్ని చూడడమంటే గతాన్ని చూడడమే కనుక, దగ్గరి గుచ్ఛాలు నేటి జనాభా లెక్క. దూరపు గుచ్ఛాలు వెనుకటి జనాభా లెక్క.

విశ్వంలో పదార్థం చాలా ఎక్కువగా ఉంటే గుంపులు కట్టడం నేటికీ జోరుగా సాగుతూ ఉండాలి. అటువంటప్పుడు భారీ గుచ్ఛాలు ఇటీవలి కాలంలోనే ఎక్కువగా పుట్టి ఉండాలి; వెనుకటి కాలంలో కనబడకూడదు. పదార్థం తక్కువగా ఉంటే గుంపులు కట్టే పని ముందుగానే మందగించి ఉండాలి. అప్పుడు వెనుకటి కాలంలో కూడా భారీ గుచ్ఛాలు కనిపించాలి. 1998లో నీటా బాకాల్, షియావ్‌హుయ్ ఫాన్ ఇదే ప్రశ్న వేసి, దూరాన ఉన్న మిక్కిలి బరువైన మూడు గుచ్ఛాలను ఆధారంగా చూపారు. పదార్థం ఎక్కువగా ఉన్న విశ్వంలో అంతటి గుచ్ఛాలు అంత వెనుకటి కాలంలో ఉండడం దాదాపు అసాధ్యం. కాని ఉన్నవి. కనుక పదార్థం తక్కువ.

అంతకు ముందే, 1993లో, సైమన్ వైట్, జూలియో నవారో, ఆగస్ట్ ఎవ్‌రార్డ్, కార్లోస్ ఫ్రెంక్ అనే నలుగురు మరొక దారిన అదే చోటికి చేరారు. ఊరంతటిలో వాడిన ఉప్పు ఎంతో తెలుసు ననుకోండి. ఒక ఇంటి కూర రుచి చూచి, కూరలో ఉప్పు ఎన్నో వంతో తెలుసుకొంటే, ఊరంతటి కూర ఎంతో చెప్పవచ్చు. విశ్వంలో మామూలు పదార్థం మొత్తం ఎంతో, తొలి నిమిషాలలో తయారైన హైడ్రోజన్, హీలియం వంటి మూలకాల పాళ్లను బట్టి అంచనా ఉన్నది. కోమా గుచ్ఛంలో మామూలు పదార్థం ఎన్నో వంతో వారు లెక్కగట్టారు. అది చాలా ఎక్కువ వంతుగా తేలినది. అంటే మొత్తం పదార్థం పండితులు ఊహించిన దానిలో కొద్ది భాగం మాత్రమే అన్న మాట. ఆ రోజులలో ఎక్కువమంది సిద్ధాంతజ్ఞులకు ఈ మాట రుచించలేదు.

1998లోనే సూపర్‌నోవాలనే ప్రేలే నక్షత్రాలను గమనిస్తున్న రెండు బృందాలు మరింత విడ్డూరమైన సంగతి ప్రకటించినవి. పైకి విసిరిన బంతి వేగం తగ్గినట్లు విశ్వవిస్తరణ కూడా క్రమంగా మందగించాలని అందరూ ఎదురుచూశారు. తీరా చూస్తే దూరపు సూపర్‌నోవాలు అనుకొన్న దాని కంటె మసకగా ఉన్నవి. విస్తరణ మందగించడం లేదు, నానాటికి హెచ్చుతున్నది. దీనికి కారణమైన అజ్ఞాత శక్తికి కృష్ణశక్తి అని పేరు పెట్టారు. ఐన్‌స్టీన్ వదిలివేసిన రాశి డెబ్బై ఏండ్ల తరువాత మరల తలుపు తట్టినది. సాల్ పెర్ల్‌మట్టర్, బ్రయన్ ష్మిడ్ట్, ఆడమ్ రీస్ అనే ముగ్గురికి ఇందుకు 2011లో నోబెల్ బహుమానం లభించినది.

పులిహోర పాళ్లు

అయితే ఒక సాక్షి చెప్పిన మాటమీద తీర్పు చెప్పరాదు. సూపర్‌నోవాలు దుమ్ము వలన మసకబారినవేమో? వెనుకటి కాలపు సూపర్‌నోవాలు వేరు రకానివేమో? ఇటువంటి సందేహాలు ఉండనే ఉన్నవి. రెండవ సాక్షిగా గెలాక్సీ గుచ్ఛాలు ముందుకు వచ్చినవి.

మన పెండ్లిండ్లలో పది మందికి వండినా వెయ్యి మందికి వండినా పులిహోరలో అన్నానికి ఇంత చింతపండు అనే పాలు మారదు. అదే విధంగా మిక్కిలి పెద్ద గుచ్ఛాలలో మొత్తం బరువుకు వేడి వాయువు ఇంత అనే పాలు అన్ని కాలాలలో దాదాపు ఒకటే కావాలి. కాని ఎక్స్‌కిరణాలను బట్టి ఆ పాలు లెక్కకట్టేటప్పుడు గుచ్ఛం ఎంత దూరాన ఉన్నదో ఊహించుకోవాలి. దూరం తప్పుగా పట్టుకొంటే పాళ్లు కూడా తప్పుగా వస్తవి. దూరాలు సరిగా ఉన్నప్పుడే అన్ని గుచ్ఛాలకూ ఒకే పాలు వస్తుంది. స్టీవ్ ఆలెన్, ఆయన సహచరులు చంద్రా ఎక్స్‌కిరణ దూరదర్శినితో 26 గుచ్ఛాలను పరిశీలించి 2004లో ఫలితం ప్రకటించారు. విస్తరణ వేగం హెచ్చుతున్నదని ఒప్పుకొంటేనే పాళ్లు సరిపోయినవి. మన భరతఖండంలో పుట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే ఆ దూరదర్శినికి పెట్టారని వేరుగా చెప్పనక్కరలేదు.

అలెక్సీ విఖ్లినిన్, ఆయన బృందం అదే చంద్రాతో 86 గుచ్ఛాలను తూచి, దగ్గరివాటిని, దూరపువాటిని పోల్చి చూశారు. 2008 చివర వెలువడిన వారి నిర్ణయం ఇది: ఇటీవలి కొన్ని వందల కోట్ల సంవత్సరాలలో భారీ గుచ్ఛాలు పెరగవలసినంతగా పెరగలేదు, కృష్ణశక్తి వాటి పెరుగుదలను అణచివేసినది. సూపర్‌నోవాలు విస్తరణను కొలిచినవి. గుచ్ఛాలు ఆ విస్తరణ వలన ఆగిపోయిన కలయికను కొలిచినవి. రెండు వేర్వేరు సాక్ష్యాలు ఒకే మాట చెప్పినవి.

ఈనాటి లెక్కల సారాంశం ఇది. విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. మొదటి ఎనిమిది వందల కోట్ల సంవత్సరాల వరకు విస్తరణ మందగిస్తూ వచ్చినది. అటు తరువాత హెచ్చడం మొదలుపెట్టినది. పదార్థం చోటు పెరిగేకొద్ది పలుచబడుతుంది; కృష్ణశక్తి పలుచబడినట్లు కనబడదు. అందుచేత మొదట బలహీనంగా ఉన్నదే చివరకు పైచేయి సాధించినది. విశ్వంలో ఇంచుమించు నూటికి డెబ్బై వంతులు కృష్ణశక్తే.

కరూ ఎడారి కన్ను

గుచ్ఛాలను పట్టడానికి మరొక విచిత్రమైన ఉపాయం ఉన్నది. విశ్వం పుట్టిన కొత్తలో వెలువడిన ప్రాచీన కాంతి ఆకాశమంతా నిండి ఉన్నది. 1964లో పెన్జియాస్, విల్సన్ దానిని రేడియో తరంగాల రూపంలో పట్టుకొన్నారు. ఆ కాంతి ఒక గుచ్ఛంలోని వేడి వాయువు గుండా వచ్చేటప్పుడు కొద్దిగా మారుతుందని, కొన్ని తరంగాలలో చూస్తే అక్కడ నీడ వలె కనిపిస్తుందని రషీద్ సున్యాయెవ్, యాకొవ్ జెల్దోవిచ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞులు 1970 ప్రాంతంలో చెప్పారు. దీపం దూరమైతే మసకబారుతుంది. ఈ నీడ మాత్రం గుచ్ఛం ఎంత దూరాన ఉన్నా మసకబారదు. కనుక మిక్కిలి దూరపు గుచ్ఛాలను పట్టడానికి ఇది మంచి వల. దక్షిణ ధ్రువం వద్ద, చిలీ దేశంలోని అటకామా ఎడారిలో 2007 నుంచి రెండు దూరదర్శినులు ఈ వల విసిరినవి. సుమారు ఏడు వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ‘ఎల్ గోర్డో’ అనే మహాగుచ్ఛం అటకామా దూరదర్శినికే చిక్కినది. స్పానిష్ భాషలో ఆ మాటకు ‘లావుపాటివాడు’ అని అర్థం.

నీడ పడితే చాలదు; అది ఎంత దూరానిదో తేలాలి. ఆ పనిలో మన దేశం పాలుపంచుకొన్నది. సదర్లండ్ పట్టణం వద్ద 2005లో ప్రారంభమైన సాల్ట్ అనే మహా దూరదర్శిని అటకామావారు పట్టిన గుచ్ఛాలలో కొన్నింటి వెలుగును విడదీసి వాటి దూరాలను నిర్ణయించడానికి ఉపయోగపడినది. ఆరు పలకల అద్దాలు 91 కూర్చి చేసిన సుమారు 11 మీటర్ల దర్పణం దానిది. పూనా నగరంలోని ఖగోళ విద్యాకేంద్రం ఈ సాల్ట్‌లో భాగస్వామి అని మనవారు గమనించాలి. భారతదేశం నుంచి చెరకు నరకడానికి మనుషులను తెచ్చిన ఈ గడ్డకు ఇప్పుడు నక్షత్రాలను చదవడానికి భారతీయ విద్వాంసులు వస్తున్నారు. అదే కరూ ప్రాంతంలో 64 పళ్లెములతో 2018లో ప్రారంభమైన మీర్‌క్యాట్ అనే రేడియో దూరదర్శిని 115 గెలాక్సీ గుచ్ఛాలను పరిశీలించినది. దానిని కలుపుకొని మరింత పెద్దదైన అంతర్జాతీయ రేడియో దూరదర్శిని నిర్మాణం 2022 డిసెంబరులో మొదలయినది. డర్బన్ నగరంలోని మన విశ్వవిద్యాలయంలో కూడా ఈ శాస్త్రం అభ్యసించే వారున్నారు.

తెగని లెక్క

అంతా తేలిపోయినదని పాఠకులు అనుకోరాదు. 2013లో ప్లాంక్ ఉపగ్రహం ప్రాచీన కాంతిని కొలిచి, ఇన్ని గుచ్ఛాలు ఉండాలని అంచనా ఇచ్చినది. అదే ఉపగ్రహం పట్టిన 189 గుచ్ఛాలతో లెక్క చూస్తే, ఉండవలసిన వాటి కంటె తక్కువగా తేలినవి. తప్పు ఎక్కడ? విశ్వాన్ని గూర్చిన మన జ్ఞానంలోనా, గుచ్ఛాలను తూచే త్రాసులోనా? ఈ తర్జనభర్జన ఏండ్ల తరబడి సాగినది. అసలు చిక్కు తూకంలోనే ఉన్నది. గుచ్ఛాన్ని త్రాసులో వేయలేము. వాయువు వేడిని బట్టి, గెలాక్సీల వేగాన్ని బట్టి, వెనుక ఉన్న గెలాక్సీల వెలుగును అది ఎంత వంచుతున్నదో దానిని బట్టి బరువు ఊహించాలి. గెలాక్సీలు వెలుగును భూతద్దం వలె వంచగలవని 1937లోనే జ్విక్కీ చెప్పి ఉన్నారు.

2019లో రష్యా అంతరిక్షనౌకపై వెళ్లిన ‘ఈరోసిటా’ అనే జర్మన్ ఎక్స్‌కిరణ దూరదర్శిని ఆకాశాన్ని గాలించినది. యుద్ధం వలన 2022 ఫిబ్రవరిలో దాని పని ఆపివేశారు. అప్పటికి సేకరించిన దానిలో సగం ఆకాశపు లెక్కను 2024లో ప్రచురించారు. 5259 గుచ్ఛాలను వెలుగు వంపుతో తూచి చూడగా ప్లాంక్ అంచనాతో సరిపోయినది. అంతలోనే 2024లోను, 2025లోను గెలాక్సీల పటం గీస్తున్న మరొక బృందం, కృష్ణశక్తి కాలంతో పాటు కొద్దిగా మారుతున్నదేమోనని సూచించినది. ఇది ఇంకా రూఢి కాలేదు. 2023లో పైకి వెళ్లిన యూక్లిడ్ ఉపగ్రహం, 2025లో తొలి చిత్రాలు విడుదల చేసిన చిలీలోని రూబిన్ వేధశాల ఈ లెక్కను మరల వేయనున్నవి. రూబిన్ తొలి చిత్రాలలో ఒకటి మన ఉగాది ఆకాశంలోని కన్యారాశి గుచ్ఛానిదే. ఆ వేధశాల పేరు జ్విక్కీ మాట నిజమని చూపిన వీరా రూబిన్‌ది.

ఇక మేము చెబుతామన్న రెండవ కారణం. కృష్ణశక్తి వలన గుంపులన్నీ చెదరిపోతాయా అని పిల్లలు అడుగుతారు. చెదరవు. ఆకర్షణతో గట్టిగా ముడిపడిన గుంపు ముడిపడే ఉంటుంది. దాని లోపల విస్తరణ చెల్లదు. మన పాలపుంత, ఆండ్రోమెడా కలిసి ఉన్న చిన్న కుటుంబం అట్లాగే నిలుస్తుంది. కాని సకాలంలో ముడిపడనివి ఇక ఎన్నటికీ కలియవు. మన చిన్న కుటుంబం కన్యారాశి మహాగుచ్ఛంలో చేరిపోయే అవకాశం కృష్ణశక్తి వలన తప్పిపోయినది. అనేక వేల కోట్ల సంవత్సరాలకు ఆ గుచ్ఛం మన కనుచూపు మేర దాటిపోతుంది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరినది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఇక్కడకు వచ్చారు. ఓడ జాబితాలలో ప్రతి మనిషికి ఒక అంకె, పేరు, వయస్సు, ఊరు, జిల్లా వ్రాసి ఉన్నవి. మన ముత్తాతలను అంకెలుగా చేసిన ఆ కాగితాలే నేడు మన ఊరి పేరు మనకు చెబుతున్నవి. వేర్వేరు జిల్లాల నుంచి వచ్చిన అపరిచితులు తోటలలో కూడి, భజన కూటములు పెట్టి, బడులు కట్టి ఒక గుంపు అయినారు. 1950 నాటి ప్రాంత విభజన చట్టం ఆ వాడలను చెదరగొట్టినది. ఇప్పుడు చదువులు, ఉద్యోగాలు మన బిడ్డలను జొహానెస్‌బర్గుకు, లండనుకు, సిడ్నీకి తీసుకొనిపోతున్నవి. ఇది ఎవరి తప్పూ కాదు; చోటు సాగుతూనే ఉంటుంది.

గెలాక్సీలు తమకు తాము ముడి వేసుకోలేవు. మనం వేసుకోగలము. ఓడ జాబితాలో ముత్తాత అంకె తెలిసిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఆ అంకెను, ఊరి పేరును, ఇంటి పేరును వారినడిగి ఈ ఉగాదికే వ్రాసి పెట్టుకొందాము. వ్రాసిన కాగితం పిల్లల చేతికిచ్చి, వాకిట నిలబెట్టి, చిత్తా నక్షత్రాన్ని చూపుదాము. రెండు లెక్కలూ వారికి దక్కవలసినవే.

పాఠకులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.